ఒక్క రోజు కూలీలు

నమస్కారం. నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక కొండ గురించి చెప్పాలి, కానీ ముందు ఒక చప్పుడు గురించి చెబుతాను, రేడియో కాబట్టి.

1980 మే 18, ఆదివారం, పొద్దున 8 గంటల 32 నిమిషాలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సెయింట్ హెలెన్స్ అనే అగ్నిపర్వతం పేలింది. ఆ చప్పుడు వందల కిలోమీటర్ల అవతల, కెనడాలో కూడా వినపడింది. కొండకు దగ్గర్లో ఉన్న చాలామందికి మాత్రం ఏమీ వినపడలేదు. చప్పుడు పైకి పోయి, పైనున్న గాలి పొరల్లో వంగి, ఎక్కడో దూరాన నేలకు దిగింది. దగ్గరున్నవాళ్ళు కళ్ళెదురుగా మబ్బులా లేస్తున్న బూడిదను చూశారు, అంతే. అంత పెద్ద కొండ విరిగిపడుతుంటే నిశ్శబ్దంగా చూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో, నేనైతే ఊహించుకోలేకపోతున్నాను.

ఆ కొండనే మొన్న చూసొచ్చాను. పోర్ట్‌లాండ్ నుంచి ఒక రోజు టూర్, వ్యాన్‌లో తొమ్మిది మందిమి, మాతో ఒక గైడ్. టికెట్లు కొన్నది మా తమ్ముడే, పొద్దున లేవడానికి ఏడ్చిందీ వాడే. "అక్కా, ఎప్పుడో కాలిపోయిన కొండ కోసం ఐదింటికి లేవాలా?" అన్నాడు. లేచాం.

జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. రెండు నెలలుగా లోపల కరిగిన రాయి ఎక్కుతూ ఉత్తరం వైపు కొండ ఉబ్బుతూ వచ్చింది. ఆ ఆదివారం భూకంపం రాగానే ఆ ఉబ్బిన పక్క మొత్తం జారిపోయింది. మనిషి రాసిపెట్టుకున్న చరిత్రలో అంతకన్నా పెద్ద కొండచరియ లేదు. మూత తీసిన ప్రెషర్ కుక్కర్ సంగతి మీకు తెలుసు కదా, అయితే ఇక్కడ మూత పైన కాదు, పక్కన ఊడింది. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి పడిపోయింది, చెట్లన్నీ దువ్వెనతో దువ్విన జుట్టులా ఒకే వైపుకి. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులైంది. 57 మంది చనిపోయారు. వాళ్ళలో డేవిడ్ జాన్‌స్టన్ ఒకడు, 30 ఏళ్ళ శాస్త్రవేత్త, పది కిలోమీటర్ల దూరాన ఒక గుట్ట మీద కాపలా డ్యూటీలో ఉన్నాడు. ఆ రాష్ట్రంలోనే వాంకూవర్ అనే ఊళ్ళో (కెనడాది కాదు) ఉన్న తమ ఆఫీసుకి రేడియోలో "వాంకూవర్! వాంకూవర్! ఇదే!" అన్నాడు. అదే ఆఖరు మాట. ఆదివారం కావడం వల్ల అడవిలో చెట్లు కొట్టే కూలీలు పనిలో లేరు, లేకపోతే ఆ లెక్క 57 దగ్గర ఆగేది కాదు.

ఇక దారి. స్పిరిట్ లేక్ హైవే అంటారు, దారి పొడుగునా అడవి, కానీ కాసేపటికి ఆ అడవిలో ఏదో తేడా కొడుతుంది. చెట్లన్నీ ఒకే ఎత్తు, స్కూల్లో ప్రేయర్‌కి నిలబడ్డ పిల్లల్లాగా. వేయర్‌హౌజర్ అనే కలప కంపెనీ తన భూముల్లో చేత్తో నాటించిన మొక్కలవి, దాదాపు కోటీ ఎనభై లక్షలు. ఆ తర్వాత ఎక్కడో ఒక హద్దు దాటతాం, అంతే, పొందిక పోతుంది. ఇక్కడ గడ్డి, అక్కడ తుప్పలు, మధ్యలో ఏమీ లేని బోడి నేల, మళ్ళీ చెరువు పక్కన గుబురుగా ఆల్డర్ చెట్లు. 1982లో ప్రభుత్వం 1 లక్షా 10 వేల ఎకరాలను పక్కన పెట్టి, ఇక్కడ ఎవరూ ఏమీ నాటొద్దు, ఏం వస్తే అది రానివ్వండి అంది. నాకు ఆ రెండో అడవే నచ్చింది. మా తమ్ముడికి మొదటిది నచ్చింది, నీడ ఉందని.

జాన్‌స్టన్ పేరు పెట్టిన అబ్జర్వేటరీ దాకా వెళ్ళడం కుదరలేదు. 2023 మేలో మట్టి విరిగిపడి దారిలో ఒక బ్రిడ్జి కొట్టుకుపోయింది, మేం వెళ్ళేనాటికి ఇంకా కట్టలేదు. అందుకని కోల్డ్‌వాటర్ సరస్సు దగ్గర ఆపి, హమ్మక్స్ అనే కాలిబాట మీద నడిపించారు. అన్నీ చిన్న చిన్న దిబ్బలు, దిబ్బల మధ్య నీటి మడుగులు. "మీరు కొండ మీద నడుస్తున్నామని అనుకుంటున్నారు కదా, కాదు, కొండ లోపల నడుస్తున్నారు" అంది గైడ్. ఆ రోజు జారిన కొండ ముక్కలే ఆ దిబ్బలు! ఒకప్పుడు శిఖరానికి దగ్గర్లో ఉన్న రాయి ఇప్పుడు మన మోకాలి ఎత్తున ఉంది.

అక్కడ ఒక చోట తాజాగా తవ్విన గుప్పెడు మట్టి కుప్ప కనపడితే ఆవిడ ఆగిపోయింది. కుప్ప చుట్టూ మా అందరినీ నిలబెట్టి చెప్పిన కథ ఇది. నా పది నిమిషాల్లో ఎక్కువ భాగం దీనికే పెట్టుకున్నాను.

పాకెట్ గోఫర్ అని ఒక జంతువు. మన పందికొక్కుకు దూరపు చుట్టం అనుకోండి, దాని కన్నా చిన్నది, బుగ్గల పక్కన సంచులుంటాయి, వాటిలో తిండి కుక్కుకుని బొరియల్లోకి మోసుకుపోతుంది. బతుకంతా నేల కిందే. రైతులకూ తోటలు పెంచేవాళ్ళకూ దాన్ని చూస్తే ఒళ్ళు మంట, మొక్కల వేళ్ళు కొరికేస్తుందని. కొండ పేలిన పొద్దున లేళ్ళు పోయాయి, ఎలుగుబంట్లు పోయాయి, పక్షులు పోయాయి. బొరియల్లో ఉన్న గోఫర్లు కొన్ని బతికాయి.

కొండకు ఉత్తరాన ప్యూమిస్ ప్లెయిన్ అనే మైదానం ఉంది. ప్యూమిస్ అంటే మడమలు రుద్దుకునే గరుకు రాయే, లావా నురగ గట్టిపడితే అయ్యేది. అసలు నేల దాని కింద పూడిపోయింది. పైన పక్షులు విత్తనాలు పడేసినా మొలకెత్తి నిలబడటం కష్టం, వేరుకు అందే ఎరువు లేదు. అప్పుడు కొందరు శాస్త్రవేత్తలకు ఒక ఆలోచన వచ్చింది. కింద పాత మట్టి ఉంది, ఆ మట్టిలో మంచి బాక్టీరియా, మంచి శిలీంధ్రాలు ఉన్నాయి. దాన్ని పైకి తెచ్చేదెవరు? తవ్వడమే పనిగా పుట్టినవాళ్ళు.

1983లో రెండు చోట్ల ప్యూమిస్ మీద చిన్న మడి లాగా కంచె కట్టారు. గోఫర్లను పట్టుకొచ్చి అందులో వదిలారు. ఎన్నాళ్ళు? ఒక్క రోజు. నేను మళ్ళీ అడిగాను, ఒక్క నెలా అని. కాదు, ఒక్క రోజు. పొద్దున వదిలి, పని చేయించుకుని, తీసుకెళ్ళిపోయారు. దినకూలీకి వచ్చినట్టు వచ్చి తవ్వి వెళ్ళిపోయాయి.

అప్పటికి ఆ ప్యూమిస్ మీద పట్టుమని ఓ డజను మొక్కలే బతుకుతున్నాయి. ఆరేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, గోఫర్లు తవ్విన మడుల్లో 40,000 మొక్కలు. చుట్టుపక్కల చాలావరకు బోడిగానే ఉంది. నలభై వేలు, ఒక్క రోజు కూలీతో! అవి పైకి తోసిన మట్టిలోని శిలీంధ్రాలు మొక్కల వేళ్ళకు అల్లుకుని, వేరు చేరలేని చోట నుంచి నీళ్ళూ పోషకాలూ తెచ్చి ఇస్తాయి, బదులుగా మొక్క వాటికి చక్కెర పెడుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ మడుల మట్టి తీసి చూస్తే ఆ తేడా ఇంకా ఉందని 2024లో ఒక పరిశోధన వచ్చింది.

గోఫర్లకే మొత్తం పేరు ఇచ్చేస్తే అన్యాయం, లూపిన్ అని ఇంకో పెద్దమనిషి ఉంది. ఊదారంగు పూల చిన్న మొక్క, ఆ మైదానంలో అందరి కన్నా ముందు కాలు పెట్టింది అదే. అది కందీ పెసరా జనుముల కుటుంబం. జనుము వేళ్ళకు బుడిపెలుంటాయి చూడండి, గాల్లోని నత్రజనిని పట్టుకుని నేలకిచ్చేవి, అదే విద్య దీనిది కూడా. అంటే తన ఎరువు తనే తెచ్చుకుని కాపురానికి వచ్చింది. ఇంకా మడుగుల్లో మంచు కింద బతికిపోయిన కప్పల సంగతి ఉంది, మంచులో కప్పబడిపోయి కాలకుండా మిగిలిన పిల్ల మొక్కల సంగతి ఉంది... టైం చూస్తే రెండు నిమిషాలు లేదు.

కాబట్టి పనికొచ్చే మాటలు రెండే రెండు చెప్పి ముగిస్తాను. ఎప్పుడైనా అక్కడికి వెళ్తే బాట దిగకండి. ఫోటో కోసమైనా సరే. గోఫర్ తవ్వితే నేల గుల్లవుతుంది, మనం తొక్కితే గట్టిపడుతుంది. అరచేతి సైజు నాచు పెరగడానికి అక్కడ ఏళ్ళు పడుతుంది. మనకేమో అది ఖాళీ నేలలా కనిపిస్తుంది, పక్కకు దిగితే ఏం పోయింది అనిపిస్తుంది. మాలో ఒకాయన దిగాడు కూడా, గైడ్ అరవలేదు, ఆయన వెనక్కి వచ్చేదాకా మాట్లాడటం ఆపేసి నిలబడింది. అది అరవడం కన్నా గట్టిగా పనిచేసింది.

రెండోది, బూట్లు. వ్యాన్ ఎక్కే ముందే, పోర్ట్‌లాండ్‌లోనే, ఆవిడ ఒక గట్టి బ్రష్ ఇచ్చి అందరి చేతా బూట్ల అడుగులు రుద్దించింది. వేరే చోట్ల నుంచి కలుపు విత్తనాలు మన బూట్ల గాళ్ళలో దాక్కుని వస్తాయట. "మా ఇంటి ముందు లాన్ తప్ప నేనెక్కడికీ వెళ్ళలేదండీ" అన్నాడు మా తమ్ముడు. వాడి సాక్సుకి అంటుకుని మూడు గడ్డి గింజలున్నాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే తీసి, టిష్యూలో చుట్టి, చెత్తబుట్టలో వేసి, అప్పుడు తలుపు తీసింది.