పెద్ద చేపను నీటిలోనే వదలండి

శ్రోతలకు నమస్కారం.

సరదాగా గాలం వేసేవారికి రోజుకు ఇన్ని చేపలే ఉంచుకోవాలని, ఇంతకంటే చిన్నవి ఉంచుకోకూడదని, ఫలానా జాతిని అసలు పట్టకూడదని చాలా దేశాలలో నియమాలున్నాయి. పిల్ల చేప పెరిగి ఒక్కసారైనా గుడ్లు పెట్టాలి కనుక చిన్నవాటిని వదలమంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంతకంటే పెద్దది కూడా ఉంచుకోకూడదు అన్నప్పుడే చాలామందికి మింగుడుపడదు. అయితే అట్లాంటిక్ కాడ్ జాతిలో 30 కిలోల ఆడచేప ఒక్కటే, రెండేసి కిలోల ఆడచేపలు 28 కలిసి పెట్టే వాటికంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఆ 28 చేపలనూ తూకం వేస్తే 56 కిలోలు!

అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో గోలియాత్ గ్రూపర్ అనే చేప ఉంది. చిన్నతనంలో అయిదారేళ్లు మడ చెట్ల వేళ్ల మధ్య దాగి పెరిగి, తరువాత సముద్రంలోకి వెళ్లి, రెండు మీటర్లకు పైగా పొడవూ దాదాపు 360 కిలోల బరువూ వరకు ఎదగగలదు. మనిషిని చూసి బెదరదు. పైగా గుడ్లు పెట్టే కాలంలో గుంపుగా ఒకే చోట చేరుతుంది. అందువల్ల గాలాలకూ ఈటెలకూ తేలికగా చిక్కి బాగా తగ్గిపోయింది. 1990లో దీని వేటను పూర్తిగా నిషేధించారు. 33 ఏళ్ల తరువాత, 2023లో, లాటరీ ద్వారా 200 అనుమతులు మాత్రమే, మనిషికి ఒక్క చేప చొప్పున ఇచ్చారు. ఆ ఒక్క చేప కూడా 24 నుంచి 36 అంగుళాల లోపుదే కావాలి. నాకు ఆ పైహద్దు ఎంతో నచ్చింది, ఎందుకంటే గుడ్లు పెట్టే పెద్ద చేపలు దానివల్ల నీటిలోనే మిగులుతాయి.

కానీ వదలడం అంటే తిరిగి నీళ్లలో పడవేయడం కాదు. నీటిలో తేలుతూ బ్రతికే పెద్ద చేప ఎముకల గూడు, బయటికి తీస్తే దాని బరువునే మోయలేదు. ఫొటో కోసం దవడ పట్టి పైకెత్తితే లోపల దెబ్బ తగులుతుంది, ఆ దెబ్బ పైకి కనిపించదు. అందుకని చేపను నీటిలోనే ఉంచండి, కొలవవలసి వస్తే నీటిలోనే కొలవండి, కొక్కెం కూడా నీటిలోనే పటకారుతో తీయండి. కొక్కేన్ని లోతుగా మింగి ఉంటే లాగకుండా, నోటి దగ్గరగా దారం కోసేయండి. చేపను తాకేముందు చేతులు తడుపుకోండి. పొడి చేయి దాని ఒంటిమీది జిగురును తుడిచేస్తుంది, రోగాలు సోకకుండా కాపాడేది ఆ జిగురే. అలసి పక్కకు ఒరిగిపోతుంటే నీటిలోనే వీపు పైకి ఉండేలా పట్టుకొని, తనంతట తాను తోక ఆడించి వెళ్లేదాకా వేచి ఉండండి.