మాట పుట్టిల్లు తెలిస్తే స్పెల్లింగు తెలుస్తుంది

పెద్దలకు, తోటి టీచర్లకు, పిల్లలకు నమస్కారం.

మన ఊరి పేరుతోనే మొదలుపెడతాను. 2005లో మార్చేదాకా కడపను ఇంగ్లీషులో సి, యు, రెండు డి లు, ఎ, పి, ఎ, హెచ్ అని రాసేవాళ్ళు. పాత కాగితాల్లో అది చూసిన పిల్లలు 'కుడ్డపా' అని చదివి నవ్వుకుంటారు. రాసిన దొరలకు మాత్రం అది కడపే. కట్, కప్, బట్ అన్నప్పుడు యు పలికేది దాదాపు మన అకారమే కదా! ఇంగ్లీషులో హల్లును రెట్టించడం చాలాసార్లు ముందున్న అచ్చును సాగదీయొద్దని చెప్పడానికే. ఒక ఎన్ ఉంటే డైనర్, రెండుంటే డిన్నర్. కర్నూలు పేరులో 'క' పక్కన ఇప్పటికీ యు నే ఉంది. ఎవరూ 'కుర్నూల్' అని తప్పు పట్టడం లేదు, అలవాటైపోయింది కాబట్టి.

ఇంగ్లీషు స్పెల్లింగుకు లెక్కాపత్రం లేదని మనం తిట్టుకుంటాం. లెక్క ఉంది. కాకపోతే ఒకటి కాదు, మూడు నాలుగు భాషల లెక్కలు ఒకే పుస్తకంలో కలిసిపోయాయి.

సి, హెచ్ పక్కపక్కన వచ్చిన మాటలు చూడండి. చైల్డ్, చిన్, చికెన్. ఇవి అచ్చ ఇంగ్లీషు మాటలు, 'చ' పలుకుతుంది. స్కూల్, స్టమక్, ఎకో. ఇవి గ్రీకులో పుట్టినవి, 'క' పలుకుతుంది. గ్రీకులో ఆ అక్షరం ఒకప్పుడు మన 'ఖ' లాంటిది. రోమన్లకు ఆ అక్షరం లేక, సి పక్కన హెచ్ పెట్టి సర్దుకున్నారు. పి, హెచ్ కథా అంతే. గ్రీకులో మొదట అది పెదాలు కలిపి ఒత్తి పలికే 'ఫ', తర్వాత ఫ్యాన్‌లో ఫ లా మారింది. మనం నవ్వడానికి లేదు. సంస్కృతం నుంచి వచ్చిన ఫలాన్ని, ఫలితాన్ని మనలో చాలామంది ఫ్యాన్‌లో ఫ తోనే పలుకుతున్నారు.

ఇక ఫ్రెంచి. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొన్ని వందల ఏళ్ళు అక్కడి కోర్టుల్లో, రాజు కొలువులో ఫ్రెంచిదే పెత్తనం. ఆ రోజుల్లో ఫ్రెంచివాళ్ళు సి, హెచ్‌ని 'చ' అనే పలికేవారు. అందుకే అప్పుడు వచ్చిన చైర్, చేంజ్, చీఫ్ మాటల్లో 'చ' ఉంది. తర్వాత ఫ్రెంచిలోనే ఆ పలుకు 'ష' అయింది. ఆ మార్పు తర్వాత వచ్చినవి మెషీన్, బ్రోషర్, షెఫ్. చీఫ్, షెఫ్ ఒకే మాట! ఒకే పుట్టింటి నుంచి రెండుసార్లు వచ్చింది, రెండోసారి వచ్చేసరికి అక్కడ యాస మారిపోయింది.

"అంటే ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా పలకమంటే ఎట్లా సార్?" అంటారు పిల్లలు. మనం రోజూ చేస్తున్నదే. జొన్నలో జ వేరు, జలంలో జ వేరు. చుక్కలో చ వేరు, చంద్రుడిలో చ వేరు. జొన్న, చుక్క తెలుగు మాటలు కాబట్టి నాలుక పళ్ళను తాకుతుంది. జలం, చంద్రుడు సంస్కృతం నుంచి వచ్చినవి కాబట్టి నాలుక కాస్త వెనక్కి, దవడల వైపు పోతుంది. ఈ సూత్రం తెలియని రైతు కూడా జొన్నరొట్టె అడిగేటప్పుడు తప్పు పలకడు. మన వ్యాకరణంలో తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని మాటలను పుట్టుకను బట్టే విడదీశారు. ఆ నాలుగు పేర్లు తెలుగు క్లాసులో బట్టీ పట్టించి, తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషును గాలికి వదిలేస్తున్నాం.

పలకని అక్షరాల సంగతి కూడా చెప్పాలి. నైఫ్, నైట్ (రాత్రి కాదు, గుర్రమెక్కే వీరుడు) మాటల్లో ముందున్న కె ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గట్టిపడింది, నాలుక మాత్రం ఆగలేదు. అప్పు అనే అర్థమున్న డెట్‌లో బి కథ వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేనేలేదు. లాటిన్ మూలంలో ఉందని చెప్పి పండితులు తెచ్చి ఇరికించారు. ఐలాండ్‌లో ఎస్ అయితే శుద్ధ అన్యాయం. అది అచ్చ ఇంగ్లీషు మాట. లాటిన్ నుంచి వచ్చిందని పొరబడి ఎస్ తగిలించారు. పిల్లలు దానితో నేటికీ మార్కులు పోగొట్టుకుంటున్నారు.

అమెరికాలో 1925 నుంచి నడుస్తున్న జాతీయ స్పెల్లింగ్ పోటీలో పిల్లలు ఇప్పుడు మాట వినగానే "ఇది ఏ భాషది?" అని మాట పలికి వినిపించేవారిని అడగొచ్చు. గ్రీకు అంటే పి, హెచ్ ఉండొచ్చని, ఫ్రెంచి అంటే చివర పలకని అక్షరం ఉండొచ్చని ఊహిస్తారు. మన క్లాసుల్లో ఆ ప్రశ్న అడిగే పిల్లవాడు లేడు, అడగనిచ్చే తీరికా మనకు లేదు. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర పేరు మీద ఇక్కడే గ్రంథాలయం ఉంది. ఆయన నిఘంటువు తెరిస్తే మాట పక్కనే అది సంస్కృతమా, తెలుగా, హిందుస్తానీయా అని గుర్తు కనిపిస్తుంది. బోర్డు మీద కొత్త ఇంగ్లీషు మాట రాసినప్పుడు టీచర్లు కూడా పక్కన గ్రీకు, ఫ్రెంచి అని ఒక్క ముక్క రాస్తే చాలు, పీరియడ్ ఏమీ పాడైపోదు.

కర్నల్ మాట వస్తే మాత్రం రెండు గుర్తులు వేయండి. దాని రాత ఇటలీది, పలుకు ఫ్రెంచిది.