ఇరవై ఏళ్ల ప్రియస్: డ్యాష్‌బోర్డ్ ఆరిపోతే ముందు ఏం చూడాలి?

నమస్తే అండీ. ఇది 2005 మోడల్ ప్రియస్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారూ ఉన్న టొయోటా హైబ్రిడ్ కారు, మా బావగారిది. డల్లాస్ ఎండల్లో ఇరవై వేసవులు గడిపిన బండి. పోయిన నెల ఒక పొద్దున పవర్ బటన్ నొక్కితే స్పీడు కనపడలేదు, ఎంత గ్యాస్, అంటే పెట్రోల్, ఉందో తెలియలేదు, అంతా చీకటి. బండి మాత్రం నడుస్తోంది, ఆఫ్ చేద్దామంటే ఆగదు! ఒక షాపులో చూపిస్తే హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం మార్చాలన్నారట. ఆయన టెన్షన్‌తో నాకు ఫోన్ చేశారు. చాలామంది ఇక్కడే వేల డాలర్లు పోగొట్టుకుంటారు, అందుకే ఈ వీడియో.

ఈ బండిలో రెండు బ్యాటరీలుంటాయి. డిక్కీలో కుడివైపు మూల ఉండే చిన్నది 12 వోల్టులది. ఇంజిన్ తిప్పడం దీని పని కాదు, కంప్యూటర్లను నిద్ర లేపడమే దీని పని. ఇది నీరసపడితే డ్యాష్‌బోర్డ్ మీద సంబంధం లేని లైట్లన్నీ వెలుగుతాయి. దీన్ని చూడటానికి వోల్ట్‌మీటర్ కొనక్కర్లేదు. ఇటు చూడండి. బండి యాక్సెసరీ మోడ్‌లో ఉంది, అంటే స్క్రీన్, రేడియో లాంటివి మాత్రమే ఆన్ అయ్యాయి. నడిమి స్క్రీన్ పక్కనున్న ఇన్ఫో బటన్ నొక్కి పట్టుకుని, పార్కింగ్ లైట్లు మూడుసార్లు వేసి ఆర్పాను. దాచిన మెనూ వచ్చింది, అందులో బ్యాటరీ వోల్టేజీ 12.4. అంటే చిన్నది బాగానే ఉంది.

బండి కంప్యూటర్లలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాను. పెద్ద బ్యాటరీ, అంటే షాపు వాళ్లు మార్చాలన్న ఆ హైబ్రిడ్ బ్యాటరీ, పోతే సాధారణంగా పీ0ఏ80 అనే కోడ్ వస్తుంది. ఇందులో అది లేదు. నడిమి స్క్రీన్ బాగుంది, పైన స్పీడు చూపించే మీటర్ ఒక్కటే చచ్చింది. ఈ తరం ప్రియస్‌లలో వయసు మీద పడ్డాక మీటర్ సర్క్యూట్‌లో ఒక కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు నిల్వ చేసే చిన్న భాగం, నీరసించడం అందరికీ తెలిసిన రోగమే. ఇదిగో, గోరంత కూడా లేదు. కొత్తది ఒక డాలర్ కూడా చెయ్యదు. కష్టమంతా మీటర్ బయటికి తీయడంలోనే ఉంది, డ్యాష్ పై ప్యానెల్ ఊడదీయాలి. నాకు అరపూట పట్టింది. సోల్డరింగ్ చేయి తిరగనివాళ్లు మీటర్‌ని రిపేర్ వాళ్లకి పోస్ట్‌లో పంపండి. పాత బండి మీటర్ తెచ్చి పెట్టొద్దు. మైళ్ల లెక్క మీటర్‌లోనే ఉంటుంది, ఆ బండి మైళ్లు మీ బండిలో కనిపిస్తాయి. అమ్మేటప్పుడు ఆ లెక్క నిజమని చెబితే అమెరికాలో నేరం.

కొత్త కెపాసిటర్ అతికించి బటన్ నొక్కగానే ఆ ఆకుపచ్చ సున్నా వెలిగింది. బావగారి ముఖం కూడా అలాగే వెలిగింది.

ఇక పెద్ద బ్యాటరీ. కోడ్ రాకపోయినా ఎలా ఉందో చూద్దాం. 1.2 వోల్టుల సెల్స్ ఆరేసి కలిపిన 7.2 వోల్టుల మాడ్యూళ్లు 28, మొత్తం 201.6 వోల్టులు. ప్రాణం తీసే కరెంటు ఇది. ఈ బ్యాటరీ కరెంటును తెంపే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ తీసి, కనీసం పది నిమిషాలు ఆగి, 1000 వోల్టుల రేటింగ్ ఉన్న గ్లోవ్స్ వేసుకున్నాకే మూత తీయండి. ధైర్యం చాలకపోతే మానేయండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముందు వెనక సీటు పక్కనున్న ఫ్యాన్ గాలిదారి చూడండి. ఇందులో కుక్క బొచ్చు ముద్దకట్టుకుపోయింది! వేడే ఈ బ్యాటరీకి శత్రువు. తర్వాత మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలు, ఈ చివర్లలో పచ్చగా చిలుము పట్టింది చూడండి. వెనిగర్‌లో నానబెట్టి, రుద్ది, ఆరబెట్టి, నట్లు 48 ఇంచ్ పౌండ్లకే (బిగింపు బలం కొలత) బిగించాను. ఎక్కువ బిగిస్తే లోపలి మర పాడవుతుంది.

ఒక్కో మాడ్యూల్ మార్చే పని నాకు నచ్చదు. ఈరోజు ఒకటి చచ్చిందంటే పక్కవాటికీ అదే వయసు, మూడు నెలల్లో మరొకటి పోతుంది. బండి అమ్మేదాకా నెట్టుకురావాలంటే సరే. ఉంచుకుంటామంటే కొత్త సెల్స్‌తో చేసిన ప్యాక్ కొనండి, పాతవి ఏరి కూర్చింది వద్దు.

బావగారి బండిలో రెండేసి మాడ్యూళ్లు కలిపి 14 బ్లాకులు, అన్నింటి వోల్టేజీలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒక్క సెల్ పోయినా 1.2 వోల్టుల తేడా వస్తుంది. నెలకోసారి స్కానర్ పెట్టి చూస్తాను. అంత తేడా కనిపించిన రోజున కొత్త ప్యాక్ మీ ముందే బిగిస్తాను. ఉంటానండీ.