ఇటలీ కన్నా ముందు పుట్టిన ఇటాలియన్లు

శ్రోతలందరికీ నమస్కారం.

జూన్ 2 ఇటలీ వాళ్లకు జాతీయ పండగ. 1946లో ఆ రోజునే జనం ఓటేసి రాజుగారిని సాగనంపి రిపబ్లిక్ తెచ్చుకున్నారు. రోమ్‌లో కవాతు జరుగుతుంది, విమానాలు మూడు రంగుల పొగ వదులుతాయి, టీవీలో చూసే ఉంటారు. నేను చెప్పబోయేది ఆ మర్నాటి పండగ గురించి, అదీ ఇటలీలో కాదు, అట్లాంటిక్ దాటి అవతల అర్జెంటీనాలో. అక్కడ జూన్ 3 ఇటాలియన్ వలసదారుల దినం. 1995లో చట్టం చేసి మరీ పెట్టుకున్నారు. ఆ తేదీయే ఎందుకంటే, అర్జెంటీనా జెండాకు రూపమిచ్చిన మాన్యుయెల్ బెల్‌గ్రానో పుట్టింది 1770లో అదే రోజున, ఆయన తండ్రేమో ఇటలీలోని ఒనేలియా రేవు నుంచి వచ్చిన వ్యాపారి. స్పెయిన్ మీద తిరగబడ్డ దేశం జెండా ఒక ఇటలీ వాడి కొడుకు చేతుల్లోంచి వచ్చిందన్నమాట.

"ఇటలీ వాడు" అని నోటికొచ్చినట్టు అనేశాను గానీ, ఆ తండ్రి కాలానికి ఇటలీ అనే దేశమే లేదు. జెనోవా ఒక రిపబ్లిక్, నేపుల్స్ ఒక రాజ్యం, రోమ్ పోప్ గారిది, మిలాన్ మీద ఆస్ట్రియా పెత్తనం. అన్నిటినీ కలిపి ఇటలీ రాజ్యమని ప్రకటించింది 1861 మార్చి 17న. రోమ్ చేతికొచ్చింది ఇంకా తొమ్మిదేళ్లకు, 1870 సెప్టెంబర్ 20న, కోటగోడకు కన్నం కొట్టి లోపలికి దూరాక. ఇప్పుడు ఈ తేదీల పక్కన అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ తేదీలు పెట్టి చూడండి. అక్కడి ఇటాలియన్ ఆస్పత్రికి పునాది 1853లో. యూనియోనె ఎ బెనెవొలెంజా అనే ఇటాలియన్ల సహాయ సంఘం 1858లో. ఇలాంటి సంఘాల్లో నెలనెలా చందా కడితే జబ్బు చేసినప్పుడు మందులకూ, పోయినప్పుడు అంత్యక్రియలకూ సంఘమే చూసుకునేది, పిల్లలకు బడులు కూడా నడిపేవాళ్లు. దేశం ఇంకా పుట్టనే లేదు, దేశం పేరు మీద సంఘం పెట్టి రసీదులు రాసుకుంటున్నారు!

దీని వెనక మాజినీ మనుషులున్నారు. తిరుగుబాట్లలో ఓడిపోయి పారిపోయి వచ్చిన రిపబ్లికన్లు, రాజు గీజు వద్దనే రకం. మాజినీ పరిస్థితి చూడండి, ఇటలీ ఏకం కావాలని జీవితమంతా ధారపోసిన మనిషి, తీరా ఏకమయ్యాక 1872లో పీసా ఊళ్లో మారుపేరుతో దాక్కుని ఉండగా చనిపోయాడు, ఎందుకంటే వచ్చింది ఆయన కోరుకున్న రిపబ్లిక్ కాదు, రాజరికం. బ్యూనస్ ఎయిర్స్‌లో ఆయన విగ్రహం 1878లోనే లేచింది. రోమ్‌లో ఎప్పుడు ఆవిష్కరించారో తెలుసా? 1949లో. రాజులు పోయిందాకా అక్కడ కుదరలేదు.

ఇటలీ ఐక్యత కోసం కత్తి పట్టిన గారిబాల్డి కథ ఇంకా చిత్రం. ఆయన యుద్ధం నేర్చుకున్నదే దక్షిణ అమెరికాలో. 1841 నుంచి 1848 దాకా బ్యూనస్ ఎయిర్స్‌కు నది అవతల, ఉరుగ్వేలోని మాంటెవిడియోలో కాపురం, పెళ్లి కూడా అక్కడే, బ్రెజిల్ అమ్మాయి అనీతాతో. ఊరు ముట్టడిలో ఉన్నప్పుడు అక్కడి ఇటాలియన్లను కూడగట్టి ఒక దళం కట్టాడు. వాళ్ల జెండా నల్లగుడ్డ, మధ్యలో వెసూవియస్ అగ్నిపర్వతం బొమ్మ. నలుపు మాతృభూమి దుఃఖానికి, కొండ ఎప్పుడో ఒకప్పుడు పేలుతుందనడానికి. ఒంటిమీద ఎర్ర చొక్కాలు. ఆ ఎరుపు ఏ సిద్ధాంతానిదో అనుకునేరు, పశువుల కబేళాల్లో పనిచేసేవాళ్లకోసం తెచ్చిన గుడ్డ చవగ్గా దొరికిందని చెబుతారు, రక్తం మరక పడినా కనబడదు కదా. ఆ కబేళా చొక్కానే పన్నెండేళ్లు పోయాక, 1860లో, వెయ్యిమందితో సిసిలీలో దిగి నేపుల్స్ రాజ్యాన్ని పడగొట్టింది. తర్వాత ప్రపంచమంతా దాన్ని ఇటలీ ఐక్యతకు గుర్తు అంది.

మన గాంధీగారికీ ఈ కథలో ఒక మాట ఉంది. 1909లో ఓడలో కూర్చుని రాసిన హింద్ స్వరాజ్‌లో ఇటలీ మీద ఏకంగా ఒక అధ్యాయమే పెట్టారు. ఆస్ట్రియా సైన్యం పోయింది సరే, సామాన్యుడికి ఏం ఒరిగింది అన్నది ఆయన ప్రశ్న. అప్పట్లో మనవాళ్లు చాలామంది మాజినీ, గారిబాల్డి అంటే ఊగిపోతుంటే ఆయన మాత్రం కూలివాళ్ల సంగతేంటని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు బ్యూనస్ ఎయిర్స్ రేవులోనే కనబడేది. ఐక్యత వచ్చాక పన్నులు పెరిగాయి, భూమి దొరకలేదు, పల్లెలకు పల్లెలు ఓడలెక్కాయి. ఇటలీలో కోతలు అయ్యాక ఓడెక్కి, అర్జెంటీనాలో డిసెంబర్ కోతలు చేసుకుని, మళ్లీ ఇంటికి పోయే కూలీలు కూడా ఉండేవాళ్లు, వాళ్లను వలసపోయే పిట్టల పేరుతో వానకోవెలలు అని పిలిచేవారు. 1914 జనాభా లెక్కలు తీస్తే బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు ఇటలీలో పుట్టినవాళ్లు.

వీళ్లంతా మాట్లాడింది ఇటాలియన్ భాషేనా అంటే, అబ్బే. 1861 నాటికి ఇటలీలోనే ఇటాలియన్ వచ్చినవాళ్లు రెండున్నర శాతం అని ఒక అంచనా, బాగా ఉదారంగా లెక్కేసినా పది శాతం. మిగతావాళ్లకు జెనోవా మాట, వెనిస్ మాట, నేపుల్స్ మాట. మొదటి రాజుగారూ ఆయన ప్రధానమంత్రి కవూరూ ఫ్రెంచిలో మాట్లాడుకోవడానికే అలవాటుపడ్డవాళ్లు. దక్షిణాన సిసిలీ వాడూ ఉత్తరాన పీడ్‌మాంట్ వాడూ ఊళ్లో ఉంటే జీవితంలో ఎదురుపడేవాళ్లు కాదు, బ్యూనస్ ఎయిర్స్‌లో ఒకే ఇంటి వాకిట్లో రెండు గదుల్లో దిగారు, పక్కింటి స్పెయిన్ వాళ్లు ఇద్దరినీ కలిపి "తానో" అనేశారు. అలా ఇటాలియన్లయిపోయారు. సెప్టెంబర్ 20న బ్యాండు కొట్టుకుంటూ ఊరేగడం, మూడు రంగుల జెండా కట్టడం, అదంతా ఆ తర్వాత.

కానీ వంటింట్లో, వీధిలో మిగిలింది చూస్తే ఆ పాత ఊళ్లే. లా బోకా పేట జెనోవా వాళ్లది. మరడోనా ఆడిన బోకా జూనియర్స్ అభిమానులు ఈనాటికీ తమను "సెనెయిసె"లంటారు, అంటే జెనోవా వాళ్లమని. పిజ్జా కొట్టుకెళితే ఫైనా అని ఒకటి పెడతారు. శనగపిండిలో నీళ్లు, నూనె, ఉప్పు కలిపి కాసేపు నాననిచ్చి పెద్ద గుండ్రటి పళ్లెంలో పోసి బాగా వేడెక్కిన పొయ్యిలో కాలుస్తారు, అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది, పైన మిరియాలపొడి, మన శనగపిండి అట్టుకు వేలువిడిచిన చుట్టం. దాన్ని పిజ్జా ముక్క మీద పెట్టి రెండూ కలిపి కొరకడం అక్కడి పద్ధతి.

ఇంకోటి, ప్రతి నెలా 29న ఞోకీ అనే బంగాళదుంప ఉండలు వండుకుంటారు. నెలాఖరు, జీతం ఇంకా రాలేదు, ఇంట్లో దుంపలూ పిండీ ఉన్నాయి. పళ్లెం కింద ఒక నోటు పెట్టి తింటే వచ్చే నెల డబ్బు నిలుస్తుందని నమ్మకం. ఆఫీసుకు రాకుండా నెలాఖరున జీతానికి మాత్రం హాజరయ్యే గవర్నమెంటు ఉద్యోగిని కూడా అర్జెంటీనాలో ఞోకీ అనే అంటారు. మనకీ ఆ మాట పనికొస్తుందేమో.

మరి భాష? ఇటాలియన్ మహాకవి దాంతే పేరుమీద 1889లో ఇటలీలో పెట్టిన సంఘం శాఖలు అర్జెంటీనాలో నడుస్తున్నాయి, మనవలూ మునిమనవలూ ఫీజు కట్టి క్రియారూపాలు వల్లె వేస్తారు. 2001 నుంచి ఏటా అక్టోబర్‌లో ప్రపంచమంతటా ఇటాలియన్ భాషా వారోత్సవం కూడా. బ్యూనస్ ఎయిర్స్‌లో 1923 నాటి బరోలో భవనమైతే దాంతే కావ్యాన్ని లెక్కగట్టి కట్టిందే: నూరు సర్గలకు నూరు మీటర్ల ఎత్తు, కింద నరకం, మధ్యలో ప్రాయశ్చిత్తలోకం, పైన స్వర్గం, కొసన లైట్‌హౌస్. బట్టల మిల్లు యజమాని డబ్బు పెట్టాడు. స్వర్గంలో ఆఫీసు గది అద్దెకు దొరికే ఊరు ఇదొక్కటేనేమో!

ఇప్పుడు టెన్షన్ అంతా పాస్‌పోర్టు దగ్గర. మొన్నమొన్నటిదాకా ముత్తాత ఇటలీ వాడని కాగితాలు చూపిస్తే పౌరసత్వం ఇచ్చేవాళ్లు. 2025లో చట్టం మార్చి, బయట పుట్టినవాళ్లకు ఇంచుమించు తాతల తరం దగ్గర గీత గీశారు. అర్జెంటీనా, బ్రెజిల్‌లో చాలామందికి కడుపు మండింది, వాళ్ల బాధ అర్థం చేసుకోదగిందే. ఇటలీలో కొందరి వాదన ఏంటంటే, ఇటాలియన్ మనిషిని పెళ్లి చేసుకుని పౌరసత్వం అడిగితే 2018 నుంచి భాషా పరీక్ష ఉంది, మునిమనవడికి మాత్రం ఒక్క ముక్క రానక్కర్లేదు, ఇదెక్కడి న్యాయం అని. వినడానికి బాగానే ఉంది. నాకైతే ఇందులో ఒక తిరకాసు కనిపిస్తోంది: ఆ పరీక్ష పెడితే క్లాసులకెళ్లే మునిమనవడు పాసవుతాడు, ఓడ దిగిన ముత్తాతే ఫెయిలయ్యేవాడు.

సెలవు, నమస్కారం.