బయట మైనస్ 22, మా హాల్లో చెమటలు

హాయ్ అండీ, నమస్తే! అందరూ ఎలా ఉన్నారు? మినియాపొలిస్ నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఈ కిటికీలోంచి ఒకసారి చూడండి. ఇంకా సాయంత్రం 5 గంటలు దాటి ఎంతోసేపు కాలేదు, అప్పుడే చిమ్మచీకటి. పార్కింగ్‌లో ఆ మంచు గుట్ట కింద ఉన్నది మా కారే. ఫోన్‌లో మైనస్ 22 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. డిసెంబర్‌లో అయితే ఇక్కడ నాలుగున్నరకే పొద్దుగూకిపోతుంది. ఇలాంటి రోజుల్లో నేను ఎక్సర్‌సైజ్ ఎలా చేస్తున్నానో చూపించమని చాలామంది అడిగారు కదా, వీడియో గేమ్ ఆడుతూ! రండి, చూపిస్తాను.

ముందు, ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. అక్టోబర్‌లో హెల్త్ చెకప్‌కి వెళ్తే నా ఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వచ్చే ముందు దశ అంటారు. మా నాన్నకి షుగర్. ఆయన ఇన్సులిన్ వేసుకోవడం చూస్తూ పెరిగినదాన్ని, ఆ రిపోర్ట్ చూసి నిజంగా భయపడ్డాను. అలాగని నేను లావుగా ఏమీ లేను. అందుకే ఈ విషయం మన వాళ్ళందరికీ తెలియాలి. ఇక్కడ మామూలుగా బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 25 దాటితే అధిక బరువు అంటారు. కానీ ఆసియా మూలాల వాళ్ళకి 23 నుంచే షుగర్ గురించి జాగ్రత్త పడమంటుంది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్. బట్టలు సరిపోతున్నాయి కదా అని ధీమాగా ఉండకండి, ప్లీజ్.

డాక్టర్ రోజూ నడవమన్నారు. నవంబర్ దాకా నడిచాను కూడా. ఆ తర్వాత ఫుట్‌పాత్ మీద మంచు గడ్డకట్టింది. ఒకరోజు జారి పడి మోచెయ్యి వాచింది. జిమ్‌కి వెళ్దామంటే జాకెట్, బూట్లు, గ్లవ్స్, కారు అద్దం మీద ఐస్ గీకడం... వీటికే అరగంట పోతుంది. పాపని ఎక్కడ వదలాలన్నది ఇంకో సమస్య. అప్పుడే మా ఆయన అల్మారాలోంచి పాత నింటెండో స్విచ్, అదే వీడియో గేమ్ మెషీన్, బయటకి తీసి, దానికి రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే వ్యాయామం గేమ్ తెచ్చారు.

ఇదేనండీ ఆ రింగ్. చూడటానికి చిన్న స్టీరింగ్‌లా ఉంటుంది. నొక్కితే లోపలికి వంగుతుంది, లాగితే సాగుతుంది. ఎంత బలంగా నొక్కామో లోపలి సెన్సార్ కొలుస్తుంది. స్విచ్‌కి జాయ్‌కాన్లు అని రెండు చిన్న రిమోట్లు ఉంటాయి. కుడి జాయ్‌కాన్ దీనికి తగిలించాలి, ఎడమది ఈ పట్టీలో పెట్టి ఎడమ తొడకి కట్టుకోవాలి. ఉన్నచోటే జాగింగ్ చేస్తే స్క్రీన్ మీద బొమ్మ పరిగెత్తుతుంది. ఆగితే అదీ ఆగిపోతుంది. డ్రాగో అని కండలు తిరిగిన డ్రాగన్ ఉంటాడు, వాడితో యుద్ధం. మనం తీసే స్క్వాట్లే, మనం చేసే ప్లాంకులే మన ఆయుధాలు. గేమ్‌లో ఒక్కో రకానికి ఒక్కో రంగు: చేతుల వ్యాయామాలకి ఎరుపు, పొట్టకి పసుపు, యోగాకి ఆకుపచ్చ. వాడు కొట్టినప్పుడు రింగ్‌ని పొట్టకి ఆనించి గట్టిగా నొక్కితేనే దెబ్బ కాచుకోగలం. 2019లో వచ్చిన గేమ్ ఇది. ఒక్క మాట గుర్తుంచుకోండి: కొత్త స్విచ్ 2 కొన్నవాళ్ళకి దాని జాయ్‌కాన్లు ఈ రింగ్‌కి పట్టవు, పాతవే కావాలి.

మొదటి వారంలోనే కింది ఇంటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. ఇవన్నీ చెక్క కట్టడాలు కదా, పైన పరిగెడితే కింద సీలింగ్ అదురుతుంది. వాళ్ళకి నెలల పసిబిడ్డ ఉంది, నాకు చాలా బాధనిపించింది. అదే రాత్రి సెట్టింగ్స్‌లో సైలెంట్ మోడ్ కనిపించింది. అందులో గంతులు ఉండవు, మోకాళ్ళు కొద్దిగా వంచి లేస్తే చాలు. నిజానికి పరుగు కంటే అదే కష్టం! తొడలు మండిపోతాయి.

మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది, తెనాలి నుంచి వచ్చింది. సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్నే చూస్తూ, "ఏంటే, ఇవి గుంజీళ్ళే కదా! వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసేవాళ్ళం" అంది. తర్వాత స్క్రీన్ మీద ఒంటికాలి మీద నిలబడ్డ బొమ్మ వచ్చింది. "అదుగో, వృక్షాసనం!" అంటూ చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి లేచింది. అమ్మకి 61 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. గేమ్‌లో మోకాళ్ళ మీద భారం తగ్గించే అసిస్ట్ అనే సెట్టింగ్ ఉంది, అది పెట్టి ఆడించాను. గోడ పట్టుకుని, పెదవి బిగించి, అమ్మ డ్రాగోని కొట్టిన రోజు మా ఇంట్లో పండగే. ఆ రోజు అమ్మ మొహం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. అమెరికా వచ్చాక టీవీ, వంట, నిద్ర తప్ప ఏమీ లేక దిగులుగా ఉండేది మరి.

ఒక నిజం కూడా చెప్తాను. గడియారం ప్రకారం నేను 45 నిమిషాలు ఆడతాను. కానీ చివర్లో స్క్రీన్ మీద అసలు ఒళ్ళు కదిలిన టైమ్ వేరేగా వేస్తుంది. మొదటి రోజు అది 19 నిమిషాలే. మిగతాదంతా కథ, మెనూలు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అందుకే నేను గడియారం చూడను, ఆ చిన్న అంకెనే డైరీలో రాసుకుంటాను. ఇదిగోండి నా డైరీ. పోయిన వారం మొత్తం 131 నిమిషాలు. లెవెల్ అయ్యాక బొటనవేలు జాయ్‌కాన్ కింద ఉన్న ఈ కెమెరా మీద పెడితే నాడి కూడా చూపిస్తుంది. రాత్రి అన్నం మాత్రం సగానికి తగ్గించాను, అదీ చెప్పాలి. మళ్ళీ టెస్ట్ మార్చిలో. నంబర్ ఎంతొచ్చినా మీకు చూపిస్తాను.

ఇప్పుడు 7 అవుతోంది, తెనాలిలో పొద్దున ఆరున్నర. అమ్మ వీడియో కాల్‌కి వచ్చే టైమ్. వెళ్ళిపోయాక కూడా రోజూ ఈ టైమ్‌కి కాఫీ తాగేసి, ఫోన్ కిటికీలో పెట్టుకుని నాతోపాటు గుంజీళ్ళు తీస్తుంది. లెక్క మా పాపది. వాళ్ళ అమ్మమ్మే తెలుగులో అంకెలు నేర్పింది.

"ఒకటి... రెండు... మూడు..."

కెమెరా ఇక్కడ పెట్టేస్తానండీ, చేతులు ఖాళీగా లేవు.

"పన్నెండు... పదమూడు... పద్నాలుగు..."

పద్నాలుగు తర్వాత పాప ఆగిపోయింది. వేళ్ళు చూసుకుంటోంది. నేను వంగినదాన్ని వంగినట్టే ఉన్నాను, అక్కడ అమ్మ కూడా అంతే.

"పది... పదిహేను!"

ఇద్దరం లేచాం.