కానుగ చేదు, సుబాబుల్ లెక్క, చింతపిక్క జిగురు

శ్రోతలకు నమస్కారం. కాలువ గట్టున కానుగ, పుంతలో చింత, మెరక చేలల్లో సుబాబుల్. మన డెల్టాలో కనిపించే ఈ మూడూ కందికీ పెసరకూ దాయాదులే. అయినా వీటి పప్పును పెసరపప్పులా కుక్కర్లో పెట్టలేం. ఒక్కో గింజకు ఒక్కో చిక్కు ఉంది.

ముందు కానుగ. ఎండిన గింజలో నూటికి 27 నుంచి 39 పాళ్ల నూనె ఉంటుంది. ఎద్దు గానుగలో క్వింటాకు 18–22 కిలోలు, ఎక్స్‌పెల్లర్‌లో 24–27 కిలోలు దిగుతుంది. తక్కింది నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. కరంజిన్, పొంగమాల్ అనే ద్రవ్యాలు నూనెతోపాటే వస్తాయి గనుక అది వంటకు పనికిరాదు. చెక్కలోనూ చేదు మిగులుతుంది, కాబట్టి దాన్ని నేరుగా దాణాలో కలపకండి. పొలానికి మాత్రం ఆ చేదే మేలు. క్వింటా చెక్కలో దాదాపు 4 కిలోల నత్రజని ఉంటుంది, అంటే 9 కిలోలకు కాస్త తక్కువ యూరియాతో సమానం. పైగా కరంజిన్ అమ్మోనియాను తేలిగ్గా చేజారిపోయే నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులకు పగ్గం వేస్తుంది. తడుపుతూ ఆరబెడుతూ సాగే వరి మడిలో నత్రజని వృథా ఆ మేరకు తగ్గుతుంది. కాయల్ని తడిమీద గోతాల్లో కడితే బూజు పట్టి, నూనె పులిసిపోతుంది. ఆ నూనెతో బయోడీజిల్ చేయబోతే క్షారం తగలగానే కొంత సబ్బవుతుంది.

సుబాబుల్ గింజలో మాంసకృత్తులు పాతిక నుంచి ముప్పై పాళ్లని కాగితం చెబుతుంది. ఆ అంకెను పూర్తిగా నమ్మొద్దు. ప్రయోగశాలలో కొలిచేది నత్రజనిని, దాన్ని 6.25తో హెచ్చించి మాంసకృత్తులంటారు. మిమోసిన్ అనే విషపు అమైనో ఆమ్లంలోనూ 14 పాళ్ల నత్రజని ఉంది. గింజలో 4 పాళ్ల మిమోసిన్ ఉందనుకుంటే, లెక్కలో మూడున్నర పాళ్లు ఉత్తుత్తి మాంసకృత్తే. ఉడికిస్తే జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు చచ్చిపోతాయిగాని మిమోసిన్ అంత తేలిగ్గా పోదు. గుర్రాలకు, పందులకు వెంట్రుకలు రాలేది దీనివల్లే.

చింతపిక్కలో చిక్కంతా తోలులోనే. బరువులో దాదాపు మూడో వంతు అదే, దాన్నిండా వగరు పుట్టించే టానిన్లు. వేడి ఇసుకలో వేయించి దంచి చెరిగితే తెల్ల పప్పు మిగులుతుంది. మాడనిస్తే పిండి రంగు చెడి జిగురు పలచబడుతుంది. ఆ పప్పులో సగానికి పైగా జైలోగ్లూకాన్ అనే జిగురు పదార్థం. నూలుకు గంజి పెట్టడానికి పనికొచ్చేది అదే. పిండిని చల్లనీళ్లలో చల్లుతూ కలిపి, తర్వాతే అరగంట ఉడికించాలి. మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. పప్పులో 6–8 పాళ్ల నూనె కూడా ఉంటుంది కాబట్టి పిండి నిల్వ ఉంటే ముక్కిన వాసన కొడుతుంది. ఏ వారానికి కావలసింది ఆ వారమే విసురుకోండి.