ఒకే కనెక్షన్, ఇద్దరు పెద్దలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగానికి కారణం పోయిన నెల మా ఇంట్లో జరిగిన గందరగోళమే. పై అంతస్తుకు వైఫై సరిగా అందడం లేదని, అటక మీద పడి ఉన్న పాత రౌటర్‌ను దించి, కింది ఫైబర్ రౌటర్ నుంచి తీగ లాగి దానికి తగిలించాను. మొదట అంతా బాగానే ఉంది. మధ్యాహ్నానికి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో నెట్ పోయింది. సాయంత్రం అది తిరిగి వచ్చేసరికి కింద మావారి కంప్యూటర్‌లో పోయింది. కనెక్షన్ ఇచ్చినవారిని పిలిస్తే, లైను బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయారు. ఒకప్పుడు గుంటూరులో నెట్ సెంటర్ నడిపి, ఇప్పుడు ఇళ్లకు నెట్‌వర్క్ తీగలు వేస్తున్న ఇంజనీరు గారిని అందుకే ఈ రోజు పిలిచాను.

ఇంజనీరు: నమస్కారమండి. వారు చెప్పింది నిజమే, లైనులో లోపం లేదు. ఇంట్లో కంప్యూటర్లకు చిరునామాలు, అంటే నెట్‌వర్క్‌లో వాటిని గుర్తించే సంఖ్యలు, పంచే పెద్దలు ఇద్దరయ్యారు, అంతే. అయితే ఒక్క కనెక్షన్ ఇన్ని కంప్యూటర్లకు ఎలా సరిపోతుందో ముందు తెలిస్తేనే ఈ తగువు అర్థమవుతుంది.

వ్యాఖ్యాత: మీ నెట్ సెంటర్ రోజులతోనే మొదలుపెట్టండి.

ఇంజనీరు: అప్పట్లో మాకు రౌటర్ లేదండి. 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనే సదుపాయం ఉండేది. ఫోన్ లైనుకు మోడెమ్ ద్వారా కలిపిన ఒక సిస్టమ్, మిగిలిన మూడు సిస్టమ్‌లకూ నెట్ అందించేది. ఆ మొదటి సిస్టమ్ దగ్గర కూర్చున్న కస్టమర్ పని ముగించుకొని మర్యాదగా షట్‌డౌన్ చేశాడంటే, మిగిలిన ముగ్గురూ ఒక్కసారిగా నా వైపు తిరిగేవారు. నేటి రౌటర్ ఆ మొదటి సిస్టమ్ చేసిన పనినే చేస్తుంది, కాకపోతే దానిని షట్‌డౌన్ చేసే కస్టమర్ ఉండడు.

వ్యాఖ్యాత: బయటి ప్రపంచానికి మా ఇంట్లో ఇన్ని కంప్యూటర్లు ఉన్నాయని తెలుస్తుందా?

ఇంజనీరు: సాధారణంగా తెలియదండి. ఆఫీసులో పదిమంది టిఫిన్ చెప్తే బాయ్ చీటీ రాసుకొని హోటల్‌కు వెళ్తాడు. హోటల్ వారికి తెలిసింది బాయ్ ఒక్కడే, ఏ పొట్లం ఎవరిదో అతని చీటీలోనే ఉంటుంది. ఏ కంప్యూటర్ ఏ సైట్‌ను ఏ పోర్టు సంఖ్యతో (ఒక్కో సంభాషణకు పెట్టే గుర్తు సంఖ్య) అడిగిందో రౌటర్ కూడా అలాగే పట్టికలో రాసుకొని, జవాబు రాగానే ఆ కంప్యూటర్‌కే అప్పగిస్తుంది. నాట్ అనే ఈ పద్ధతిని వివరించే పత్రం 1994లో వెలువడింది. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో ఉన్న ఇంటర్నెట్ చిరునామాలు దాదాపు 430 కోట్లే కాబట్టి, అవి చాలవన్న భయం అప్పటికే మొదలైంది. 192.168తో మొదలయ్యే చిరునామాలను ఎవరి ఇంట్లో వారు వాడుకోవచ్చు. మీ ఇంట్లో ఉన్న 192.168.1.5 మా ఇంట్లోనూ ఉండవచ్చు, రెండింటికీ తగువు లేదు.

వ్యాఖ్యాత: మరి మా ఇంట్లో తగువు ఎక్కడ వచ్చింది?

ఇంజనీరు: కంప్యూటర్ నెట్‌వర్క్‌లో చేరగానే "నాకొక చిరునామా ఇవ్వండి" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. ఇచ్చే బాధ్యత రౌటర్‌లోని డీహెచ్‌సీపీది. మీ పాత రౌటర్‌లో కూడా అది పనిచేస్తూనే ఉంది, పైగా మీరు తీగను దాని లాన్ పోర్టులో, అంటే ఇంట్లోని పరికరాలను కలిపే రంధ్రంలో, పెట్టారు. ఇద్దరూ విన్నారు, సాధారణంగా ముందు పలికినవారి మాటే చెల్లింది. కింది రౌటర్ పలికితే నెట్ వస్తుంది. పాతది పలికితే, కంప్యూటర్ తన ప్రతి అభ్యర్థననూ దానికే పంపుతుంది, దాని వెనుక ఏ కనెక్షనూ లేదు కనుక అక్కడితో దారి మూసుకుపోతుంది. అప్పటికే చిరునామా ఉన్నవి కొంతసేపు బాగానే నడిచి, నిద్రపోయి లేచినప్పుడో తిరిగి ఆన్ చేసినప్పుడో మళ్లీ అడిగాయి; పూటకొకటి మారుతూ పోవడానికి కారణం అదే. నెట్ పోయిన కంప్యూటర్‌లో విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, డిఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి దారి ఇచ్చే రౌటర్, ఎవరో చూసి ఉంటే దొంగ దొరికేవాడు.

వ్యాఖ్యాత: తీగను బయటి కనెక్షన్ కోసం ఉండే వాన్ పోర్టులో పెట్టి ఉంటే సరిపోయేదా?

ఇంజనీరు: నెట్ వచ్చేదండి, కానీ ఇల్లు రెండు వాటాలయ్యేది. పైనున్న కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను కింద నుంచి తెరవలేరు, కింది ప్రింటర్ పైవారికి దానంతట అది కనిపించదు. ఒకే కుటుంబానికి ఆ గోడ ఎందుకు? పాత రౌటర్‌కు ముందుగా ఒక్క కంప్యూటర్‌ను మాత్రమే కలిపి, కింది రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 వంటి, ఎవరికీ పంచని చిరునామా ఇచ్చి, డీహెచ్‌సీపీ ఆపి, ఆ తరువాతే తీగను లాన్ పోర్టులో పెట్టండి. రౌటర్‌ను కేవలం వైఫై అందించే పెట్టెగా మార్చే యాక్సెస్ పాయింట్ అనే అమరిక ఉంటే ఆ ఒక్క మీట చాలు. రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంచి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఛానెళ్లు మాత్రం ఒకదానికొకటి అడ్డుపడకుండా 1, 6, 11లలో వేరువేరుగా పెట్టండి.

వ్యాఖ్యాత: తీగ లాగే బదులు, వైఫైని అందుకొని ముందుకు పంపే రిపీటర్ కొనమని పక్కింటివారు అన్నారు.

ఇంజనీరు: చవక రిపీటర్ ఒకే రేడియోతో వింటుంది, అదే రేడియోతో తిరిగి చెప్తుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. నా ఓటు ఎప్పుడూ తీగకే. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల వరకు పోతుంది. దానిలోని ఎనిమిది పోగులలో ఒకటి తెగినా గిగాబిట్, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల వేగం, రాక 100 మెగాబిట్ల దగ్గర ఆగిపోవచ్చు. అది చూడకుండానే పెద్ద ప్లాన్‌కు మారినవారు నాకు తరచూ తగులుతుంటారు.

వ్యాఖ్యాత: అబ్బాయి ఫోన్ ఫొటోలను బ్యాకప్ చేస్తుంటే నా ఆన్‌లైన్ పాఠం తడబడుతుంది. అదీ ఇదేనా?

ఇంజనీరు: కాదండి, అది వరుస సమస్య. అప్‌లోడ్ నిండిపోయి, మీ మాట ఫొటోల వెనుక నిలబడుతుంది. రౌటర్‌లో క్యూఓఎస్, అంటే ఎవరి డేటా ముందు వెళ్లాలో నిర్ణయించే అమరిక, ఉంటే మీ కంప్యూటర్‌కు ముందు వరుస ఇవ్వండి, లేకపోతే బ్యాకప్‌ను రాత్రికి మార్చండి.

వ్యాఖ్యాత: సరే, ఈ సాయంత్రమే పై రౌటర్ పని పడతాను.

ఇంజనీరు: మార్చగానే దాని అడుగున ఉన్న స్టిక్కరు మీద పాత చిరునామా కొట్టివేసి, కొత్తది పెన్నుతో రాయండి. ఆరు నెలల తరువాత వైఫై పాస్‌వర్డ్ మార్చాలని కూర్చున్నప్పుడు, స్టిక్కరు మీది పాత చిరునామా కొడితే కింది రౌటరో ఖాళీ పేజీయో వస్తుంది తప్ప పై రౌటర్ మాత్రం తెరుచుకోదు.